ఆగే హక్కు లేని ఓర్పు

'ఓర్పు' అనే మాట మగవాళ్ల విషయంలో ఒక సుగుణం. ఆడవాళ్ల విషయంలో అది ఒక ఉద్యోగం. భూదేవంత ఓర్పు అని పొగిడిన ప్రతిసారీ ఆ భూమ్మీద ఎవరో ఒకరు ఇంకో బరువు దించుతూనే ఉంటారు. అందుకే మనలో చాలామందికి ఆ మాటంటే అనుమానం. స్త్రీవాద సాహిత్యం ఆ అనుమానాన్ని ఎన్నో కథల్లో, కవితల్లో నమోదు చేసింది కూడా. మరి ఓర్పునే ఇష్టంగా ఎంచుకుని, దానికోసం నెలల తరబడి సాధన చేసే స్త్రీని ఎలా అర్థం చేసుకోవాలి? కొన్నేళ్లుగా ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో కన్నా నా కాళ్లలో ఎక్కువగా ఎదురవుతోంది. ఎందుకంటే నేను అల్ట్రామారథాన్లు పరుగెత్తుతాను.

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. దాన్ని మించిన పరుగునంతా అల్ట్రామారథాన్ అంటారు. 50 కిలోమీటర్లు, 100 కిలోమీటర్లు, 100 మైళ్లు... కొన్ని పరుగులు ఒక పగలూ ఒక రాత్రీ దాటిపోతాయి. చాలాకాలం దీన్ని మగవాళ్ల శరీరానికే సాధ్యమైన పనిగా లెక్కగట్టారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. గీత దాటాక కొందరు అలసటతో నేల మీద పడితే పత్రికలు దాన్నొక ఘోరంగా వర్ణించాయి. ఆ తర్వాత 1960 దాకా ఒలింపిక్స్‌లో స్త్రీలకు 200 మీటర్లను మించిన పరుగు లేదు. మారథాన్ కోసం 1984 దాకా ఆగాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికాలో సుమారు 90 కిలోమీటర్ల 'కామ్రేడ్స్' పరుగులో 1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ అనే స్త్రీని చేర్చుకోలేదు. ఆమె ఎలాగూ పరుగెత్తింది, పూర్తి చేసింది. అధికారిక లెక్కల్లోకి మాత్రం ఎక్కలేదు. ఆ పరుగు తలుపులు నల్లజాతివారికీ స్త్రీలకూ అధికారికంగా తెరుచుకున్నది 1975లో, ఇద్దరికీ ఒకేసారి.

ఆడవాళ్లు 800 మీటర్లు పరుగెత్తితే ఏమైపోతారోనని ఒలింపిక్ పెద్దలు బెంగపడుతున్న ఆ కాలంలోనే నాగార్జునసాగర్ దగ్గర వేల మంది కూలీలు రాళ్లు, మట్టి మోశారు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్ల శరీరం తట్టుకుంటుందా అని ఎవరూ అడగలేదు. మా పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలూ కాలువలూ కట్టిన ఆడవాళ్ల గురించీ అడగలేదు. బలహీనత, బలం రెండూ ఎదుటివాళ్ల అవసరాన్ని బట్టి మనకు అంటగట్టే గుణాలేనని దీన్నుంచి తెలుస్తుంది.

ఇప్పుడు గాలి మరోవైపు తిరిగింది. దూరం పెరిగేకొద్దీ స్త్రీలే మెరుగనీ, ఓర్పు వాళ్లకు సహజమనీ అంటున్నారు. 2019లో బ్రిటన్‌లో 268 మైళ్ల 'స్పైన్ రేస్'ను జాస్మిన్ పారిస్ 83 గంటల పైచిలుకులో ముగించి, మగవాళ్లందరికన్నా ముందు నిలిచింది. దారిలోని మజిలీల దగ్గర ఆగి, ఇంట్లో ఉన్న పసిబిడ్డ కోసం పాలు పిండి పెట్టింది. నాకు ఎంతో ఇష్టమైన విజయం అది. కానీ ఆ వార్త మన ఇళ్లలోకి వచ్చేసరికి ఏమవుతుందో కూడా తెలుసు. "చూశావా, బిడ్డకు పాలిస్తూనే అంత చేసింది, నువ్వు ఆఫీసుకు పోయొచ్చి వంట చేయడానికి అలిసిపోతావా?" అవుతుంది. ఆమెకు మజిలీలు ఉన్నాయన్న సంగతి, బిడ్డను చూసుకునేవాళ్లు ఉన్నారన్న సంగతి ఆ వాక్యంలోంచి జారిపోతాయి. సహజమైన ఓర్పు అనేది ఒకటుందని ఒప్పుకున్నామా, దానికి కూలి చెల్లించాల్సిన పని ఎవరికీ ఉండదు.

నిజానికి ఈ పరుగులో సహజమైనదేదీ లేదు. అంతా నేర్చుకున్నదే. సాధనలో ఎక్కువ భాగం పక్కవాళ్లతో మాట్లాడుతూ పోగలిగినంత మెల్లని పరుగు. దూరాన్ని కొద్దికొద్దిగా పెంచాలి, మూడు నాలుగు వారాలకోసారి తగ్గించాలి. సెలవుల్లో శ్రీరంగాపూర్ వెళ్లినప్పుడు నా సాధన రంగసముద్రం కట్ట మీద. ఒకవైపు రంగనాయకస్వామి గోపురం, ఒకవైపు భీమా ఎత్తిపోతల నీళ్లు. మా దగ్గర పరుగు అనరు, ఉరుకుడు అంటారు. "ఏమ్మా, గట్లెందుకు ఉరుకుతున్నవ్, ఎవరన్న తరుముతున్నరా?" అని అడిగిన పెద్దమ్మ ప్రశ్న తమాషాగానే ఉంటుంది కానీ అందులో ఒక సిద్ధాంతమే ఉంది. ఆడదాని కాళ్లకు ఒక గమ్యం ఉండాలి: బోరింగు, చేను, బడి, గుడి. లేదా వెనకాల ఒక భయం ఉండాలి. రెండూ లేకుండా, పోయిన చోటికే తిరిగి వచ్చే కదలిక ఆడవాళ్లకు ఎందుకు? సన్నబడటానికి అంటే ఒప్పుకుంటారు. ఆ జవాబులో శరీరం మళ్లీ ఎవరో చూడటానికి ఉన్నదవుతుంది కనుక.

పట్టు సడలకుండా ఏళ్ల తరబడి ఎలా పరుగెత్తుతావని సాటి అధ్యాపకులు అడుగుతారు. సంకల్పబలం గురించి చెబుతాననుకుంటారు. నేను చెప్పేది ఇంటిపని గురించి. ఆదివారం పొద్దున నాకు నాలుగు గంటలు కావాలంటే ఆ నాలుగు గంటల ఇంటిపని ఎవరిదో శనివారమే తేలాలి. నేను పరుగెత్తే వేళకు మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె కూడా తన బస్తీ నుంచి నడిచే వస్తోంది. ఆమె అడుగులు ఏ గడియారమూ లెక్కపెట్టదు. నా ప్రేరణలో ఆమె శ్రమకు వాటా ఉందని మరిచిపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకు ఉండదు.

ఈ సాధన నాకు నేర్పిన అన్నిటికన్నా కష్టమైన పాఠం తిండి. కండరాల్లో, కాలేయంలో శరీరం దాచుకునే చక్కెర నిల్వ సుమారు రెండు వేల కేలరీలు. చాలామందికి అది 30 కిలోమీటర్ల చుట్టుపక్కల అడుగంటుతుంది. ఆకలేశాక తింటే ఆలస్యమైపోయినట్టే. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం మొదటి గంట నుంచే అందాలి. ఉత్త నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నా నడుముసంచిలో అరటిపండు, ఖర్జూరం, బెల్లం, కొద్దిగా పల్లిపట్టి, ఉప్పేసిన మజ్జిగ ఉంటాయి. వీటిలో కొత్తదేమీ లేదు. కూలికి పోయే ఆడవాళ్ల సద్దిమూటకు ఈ శాస్త్రం ఎప్పుడో తెలుసు. కొత్తది ఆ వరస. అందరూ తిన్నాక మిగిలింది తినే ఇంట్లో పుట్టి, ఆకలి వేయకముందే, ఎవరికీ పెట్టకముందే, నలుగురూ చూస్తుండగా తినడం! మొదట్లో నా చెయ్యి సంచి దగ్గరే ఆగిపోయేది.

చాలినంత తినకుండా పరుగెత్తే స్త్రీకి నెలసరి ఆగిపోతుంది, ఎముకలు గుల్లబారుతాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ఈ శక్తిలోటుకు ఒక పేరు పెట్టారు. క్రీడాకారిణులకు దాని గురించి హెచ్చరికలున్నాయి. కానీ పరుగుతో సంబంధం లేని ఆడవాళ్లలో ఇదే లోటును మనం పథ్యమనీ, ఉపవాసమనీ, పొదుపనీ పిలుస్తాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. రక్తంలో ఇనుము లేక, ఊపిరి చాలక, మెట్లెక్కడమే ఒక అల్ట్రామారథాన్ అయిన ఆడవాళ్లు సగానికి పైగా ఉన్న దేశం ఇది.

తిండి తర్వాతది నిద్ర. శరీరం బలపడేది పరుగెత్తేటప్పుడు కాదు, పరుగు తర్వాత విశ్రాంతిలో. ఇది చదివినప్పుడు నాకు మన స్త్రీల పాట 'ఊర్మిళాదేవి నిద్ర' గుర్తొచ్చింది. లక్ష్మణుడు పద్నాలుగేళ్లు రెప్ప వేయకుండా కాపలా కాశాడు. ఓర్పుకు అంతకన్నా పెద్ద ఉదాహరణ ఏముంటుంది? కానీ పాట పాడుకున్న ఆడవాళ్ల మనసు ఆ మేలుకున్నవాడి మీద లేదు. పద్నాలుగేళ్లూ పడుకున్న ఊర్మిళ మీద ఉంది. దాన్ని విరహంగా, పాతివ్రత్యంగా చదివారు. చదవొచ్చు. కోడికూతకు ముందే లేచి, అందరికన్నా చివర పడుకునే ఆడవాళ్లు, ఎవరూ లేపకూడని ఒక నిద్రను ఊహించుకున్నారని చదవడం నాకు ఇష్టం.

ఇదంతా కడుపు నిండినవాళ్ల ఆట అని ఒక స్నేహితురాలు అంది. ఆ మాటను నేను తోసిపుచ్చను. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ములుగు జిల్లా మిరప చేలలో కూలికి వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ బాలిక, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉన్న తన ఊరికి తనవాళ్లతో కలిసి కాలినడకన బయలుదేరింది. మూడు రోజుల్లో అడవిదారిన 100 కిలోమీటర్లకు పైగా నడిచి, ఇంటికి ఇంకా కొంత దూరం ఉండగా చనిపోయింది. ఒంట్లో నీరూ లవణాలూ తగ్గిపోయి ఉంటాయని వైద్యాధికారులు చెప్పారు. నా సంచిలో చిటికెడు ఉప్పుగా, రెండు గుక్కల మజ్జిగగా ఉండేవే అవి.

ఆ దూరం అల్ట్రామారథాన్ దూరమే. తేడా దూరంలో లేదు. నొప్పిలోనూ లేదు. పందెంలో కొన్ని కిలోమీటర్లకోసారి నీళ్లూ తిండీ పెట్టే శిబిరం ఉంటుంది. 'నువ్వు ఇక ఆగు' అని చెప్పగల వైద్యులు ఉంటారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆగిపోవచ్చు. ఆగితే పేరు పక్కన పూర్తి చేయలేదని రాస్తారు, అంతే. కూలి పోదు, గూడు పోదు, పరువు పోదు. మధ్యలో ఆగిన కోడలికి, మధ్యలో ఆగిన కూలీకి మనం ఏం రాస్తాం? ఓర్పుకు నైతిక విలువ ఎక్కడ మొదలవుతుందని అడిగితే నా జవాబు ఇదే. ఆగే హక్కు ఉన్నచోట మాత్రమే కొనసాగడం ఒక ఎంపిక అవుతుంది. ఆ హక్కు లేనిచోట దాన్ని ఓర్పు అని మెచ్చుకోవడం అంటే బలవంతానికి మంచి పేరు పెట్టడమే.

అలాగని నా పరుగు మానేస్తే ఆ బాలికకు జరిగేదేమీ లేదు. కడుపు నిండటం సిగ్గుపడాల్సిన విషయం కాదు, అది కొందరికే నిండటం సిగ్గుపడాల్సిన విషయం. ఇష్టంగా అలిసిపోయే మనకోసం దారి పొడుగునా నీళ్లూ నీడా ఏర్పాటు చేయగలిగిన సమాజానికి, నాట్ల కాలంలో పొలంగట్టు మీద, అడ్డా కూలీలు నిలబడే కూడలిలో, ఆశా కార్యకర్తలు తిరిగే వీధుల్లో నీళ్లు, నీడ, మరుగుదొడ్డి, కూర్చోవడానికి ఒక చోటు ఏర్పాటు చేయడం చేతకాని పనేమీ కాదు. ఓర్పు గురించి ఎవరైనా మనల్ని పొగిడినప్పుడు ముందుగా అడగాల్సిన ప్రశ్న కూడా అదే: నీళ్లు ఎక్కడ పెట్టారు?