క్షమించుటకు హక్కెవరిది?

గడచిన వేసవిలో అమెరికానుండి వచ్చిన మా పెద్దక్క కుమారుడు తన చిన్ననాటి కార్డుల డబ్బా తెచ్చి మంచముమీద గుమ్మరించెను. వానికిప్పుడు నలుబదియైదేండ్లు. అవి 1992లో ఇంపెల్ అను కంపెనీవారు అచ్చువేసిన ఎక్స్‌మెన్ కార్డులు. మొత్తము 100. బొమ్మలు జిమ్ లీ గీసినవి. పిల్లలు వాటిని కొని, తమలో తాము మార్చుకొనెడివారు. ఎక్స్‌మెన్ అనగా 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ కల్పించిన కథలలోని వీరుల జట్టు. వింత శక్తులతో పుట్టి, లోకముచేత ద్వేషింపబడిన వారిని జేవియర్ అను ఆచార్యుడు చేరదీసి నడిపించును.

వాడు జట్టును వరుసగా పేర్చి, జుట్టులో తెల్లని పాయగల ఒక యువతి కార్డును వేరుగా పెట్టెను. ఆమె పేరు రోగ్. "చిన్నప్పుడు నాకు ఈమే ఇష్టము, మామయ్యా. ఇప్పుడు ఈ వరుసలో లేని మనిషి జ్ఞాపకము వచ్చుచున్నది" అనెను.

ఆ లేని మనిషి కేరల్ డాన్వర్స్. 1981లో వచ్చిన కథలో రోగ్ దుష్టుల పక్షముననుండి, ఆమెను తాకి, ఆమె శక్తిని, జ్ఞాపకములను దోచుకొనెను. జేవియర్ జ్ఞాపకములను కొంతవరకు తిరిగి రప్పించెను గాని, వాటితో పెనవేసుకొన్న మమకారము రాలేదు. తల్లిదండ్రులు వీరని ఆమెకు తెలియును. ఆ తెలిసినదానిలో ప్రేమ లేదు. ఇంతకన్న పెద్ద దొంగతనమును నేనెరుగను.

1983లో రోగ్ తన శక్తిని తానే అణచుకొనలేక, సహాయము కోరి జేవియర్ గడప తొక్కెను. జట్టువారు వద్దనిరి. ఆయన వారి మాట కాదని చేర్చుకొనెను. కేరల్ వచ్చి చూచి, రోగ్‌ను ఒక్క దెబ్బ కొట్టి, ఆ యిల్లు విడిచి వెళ్లిపోయెను. కొద్దికాలమునకే రోగ్ జపానులో తోటివాని పెండ్లికూతురిని కాపాడుటకు ప్రాణమునే ఒడ్డెను. కాబట్టి ఆమె మారినది నిజమే.

జేవియర్ చేసినది తప్పా? కాదని నా తలంపు. పోవుటకు చోటులేని దానికి తలుపు మూయుట ధర్మము కాదు. అయితే చోటిచ్చుట వేరు, క్షమించుట వేరు. ఆయన తన యింటిలో చోటివ్వగలడు; కేరల్ పోగొట్టుకొన్నదానిని ఆమెకు మారుగా క్షమింపగలడా? పోనీ, తలుపు తెరువకముందు ఆమెకు కబురైనను పంపవలదా?

చదువరీ, మన పెద్దలు రాజీ కుదిర్చినప్పుడు ఏమి జరుగునో నీవు చూచియుందువు. తప్పు చేసినవాడు నలుగురిలో కన్నీరు కార్చును. నష్టపడినవాడు వెంటనే చేయి కలుపనియెడల, ఆ పూటనుండి కఠినుడని పేరు వానిదే. నేనును అట్లు చేసినవాడనే. తమ్ముడు అన్న పొలమును దొంగచాటుగా అమ్మి, కొన్ని యేండ్లకు పశ్చాత్తాపముతో తిరిగి వచ్చెను. నేను సంతోషముతో వానిని ముందు వరుసలో కూర్చుండబెట్టి, అందరియెదుట కౌగిలించుకొమ్మని అన్నను బలవంతపెట్టితిని. అతడు కౌగిలించుకొనెను. తరువాతి ఆదివారమునుండి గుడికి రాలేదు. అతని మనసు మొండిదని నేనే చెప్పుకొని తిరిగితిని.

మేనల్లుడు కార్డులను డబ్బాలో సర్దుకొనెను. మరునాడు సాయంకాలము నేను ఆ అన్న యింటికి పోతిని. అతడు మాటలాడక వాకిట మంచము వాల్చెను. పొలము ఎన్ని సెంట్లు, ఏ బావి ప్రక్కన, ఆ యేడు అందులో ఏమి వేసియుండెనో చెప్పుమని అడిగితిని. చీకటిపడువరకు చెప్పెను.