పాత గ్రంథాల భారం ఎవరిది?

ఇటీవల నెల్లూరు తీరంలోని ఒక పల్లెలో జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు వచ్చి మా పక్కన కూర్చున్నారు. ఆయన రొయ్యల గుంటల దగ్గర కూలి పని చేస్తారు. కొడుకు పదో తరగతి మంచి మార్కులతో ప్యాసయ్యాడు. "హజ్రత్! మావాడు అరబీ చదువుతానంటున్నాడు. వెయ్యేళ్ళ నాటి కితాబులు చదివితే ఇల్లు గడుస్తుందా? మీరే చెప్పండి" అని అడిగారు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆయన మాటలో ధర్మం పట్ల నిర్లక్ష్యం లేదు. బాధ్యత తెలిసిన తండ్రి ఆందోళన మాత్రమే ఉంది.

ఈ ప్రశ్న అరబీకే పరిమితం కాదు. 2008లో మన తెలుగుకు ప్రాచీన భాష హోదా లభించింది. మైసూరులో ఉండిన ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం ఆ తర్వాత మన నెల్లూరుకే తరలివచ్చింది. పదమూడవ శతాబ్దంలో తిక్కన భారతాన్ని తెనిగించిన నేల ఇది. అయినా తమ బిడ్డ పాత తెలుగు చదువుతానంటే, ఏ మతం వారైనా, తల్లిదండ్రులు ఆ కూలి సోదరుడు అడిగినట్లే అడుగుతారు.

అసలు పాత చదువుల అవసరం ఏమిటి? మొదటిది, ఇతరుల మీద ఆధారపడకుండా ఉండటం. దైవప్రవక్త (స) తనకు యూదుల నుండి వచ్చే ఉత్తరాలను చదవటానికి వారి లిపిని నేర్చుకోమని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆదేశించారు. ఆయన కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. మూలాన్ని తానే చదవగలిగినవానికి, ఎవరో చదివి చెబితే వినేవానికి ఎంత తేడా ఉందో ఆలోచించండి! నేడు మన ధర్మం గురించి ఎవరు ఏది చెప్పినా నమ్మేవారు, ఎవరు ఏది ఆరోపించినా జవాబు తోచనివారు మనలో ఎందరు లేరు?

రెండవది, పోయిన కాలపు సాక్ష్యాన్ని కాపాడటం. మన తీరం వెంబడి ఉత్తరానికి వెళితే బాపట్ల జిల్లాలో మోటుపల్లి వస్తుంది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ ఒక అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు, తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును స్వాధీనం చేసుకునేవారు. ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆ శాసనం సముద్ర వర్తకులకు హామీ ఇచ్చింది. ఆపదలో ఉన్న పరదేశి సొమ్ము హరించరాదన్న న్యాయం ఈ తీరాన రాతి మీద చెక్కి ఉంది. ఆ లిపిని చదివినవారు ఉండబట్టే ఆ సంగతి మనకు తెలిసింది. మేము మదరసాలో ఏళ్ళ తరబడి అరబీ, ఉర్దూ చదివాము. కాని ఆ రాయి ముందు నిలబడితే ఒక్క పంక్తి కూడా చదవలేము. ఇది మా లోపమేనని ఒప్పుకుంటున్నాము.

మూడవది, పరిశోధన. హైదరాబాదులో 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఎన్నో అరబీ చేతివ్రాత ప్రతులను పరిష్కరించి అచ్చు వేసింది. హదీసు గ్రంథాలతోపాటు రాజీ వైద్య గ్రంథం, అల్‌బీరూనీ ఖగోళ గ్రంథం కూడా అందులో ఉన్నాయి. విజ్ఞాన చరిత్ర వ్రాసేవారికి అవి ఆధారాలయ్యాయి.

అయితే ఒక హెచ్చరిక. పాతది కనుక అంతా సత్యమేనని భావించటం కూడా పొరపాటే. రాజీ గ్రీకు వైద్యుడు గాలెన్‌ను గురువుగా గౌరవిస్తూనే అతని మీద తన సందేహాలను ఒక గ్రంథంగా వ్రాశాడు. ఇబ్నె హైసమ్ టోలెమీ విషయంలో అదే పని చేశాడు. వారు పూర్వుల గ్రంథాలను క్షుణ్ణంగా చదివారు కనుకనే ప్రశ్నించగలిగారు. చదవకుండా తలకెత్తుకోవటం గౌరవం కాదు, చదవకుండా పారేయటం ఆధునికతా కాదు.

మరి ఆ కూలి సోదరుని ప్రశ్న? మన ధర్మశాస్త్రంలో 'ఫర్జె కిఫాయా' అనే నియమం ఉంది. ఊరిలో కొందరు నెరవేరిస్తే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవరూ నెరవేర్చకపోతే అందరూ దోషులే. ఇమామ్ గజాలీ (రహ్మ) వైద్యాన్ని, గణితాన్ని కూడా ఈ కోవలోనే చేర్చారు. తన కాలంలో జనం వైద్యాన్ని వదిలేసి ఫిఖహ్ చదువుకే ఎగబడుతున్నారని ఆయన వాపోయారు. నేడు పరిస్థితి తిరగబడింది. అందరూ ఇంజనీరింగు వైపే పరుగెడుతున్నారు. తెలివైన బిడ్డను కార్పొరేట్ కాలేజీకి, ఫీజు కట్టలేని బిడ్డను మదరసాకు పంపటం మన ఇళ్ళలో అలవాటయింది. అందరి మీదా ఉన్న బాధ్యతను పేదవాని కొడుకు ఒక్కడి నెత్తిన పెట్టి, మనం పుణ్యంలో వాటా అడుగుతున్నాము. ఇది న్యాయమా?

మరుసటి జుమాకు ఆ సోదరునితో మేము ఇలా అన్నాము: "అబ్బాయికి నిజంగా ఆసక్తి ఉంటే చదివించండి. అరబీతోపాటు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు కూడా వదలకుండా చూడండి. కాని ఆ ఖర్చు మీ ఒక్కరిదీ కాదు, ఈ జమాఅత్‌ది." మస్జిదు కమిటీ పెద్దలు వింటుండగానే ఈ మాట అన్నాము. ఇద్దరు తలూపారు, ఒకరు లేచి వెళ్ళిపోయారు.

పాఠక సోదర సోదరీమణులారా! మీ ఊరిలో అలాంటి బిడ్డ ఎవరైనా ఉన్నారేమో చూడండి. పాత గ్రంథాల ఘనత గురించి ప్రసంగించటం సులభం. వాటిని చదివే బిడ్డకు అన్నం పెట్టటంలోనే మన చిత్తశుద్ధి తెలుస్తుంది. అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.