పొరపాటు ఎవరికి గురువు?

వ్యాపారం పెట్టి చెడినవాణ్ణి మనవాళ్లు ఒక మాటతో ఓదారుస్తారు: పోయిన సొమ్ము చదువుకు కట్టిన జీతమనుకోమంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. కాని జీతం కట్టిందెవరు, చదువు అబ్బిందెవరికి అని అడగగానే ఇది నైతిక సమస్య అవుతుంది. యజమాని అంచనా తప్పితే కూలీల పని పోతుంది. అదే యజమాని అనుభవజ్ఞుడనిపించుకుని మరో కంపెనీ తెరవవచ్చు. కూలీ పోగొట్టుకున్న జీతం మాత్రం ఏ అనుభవం కిందా జమపడదు.

పొరపాటు దానంతటది ఎవరికీ పాఠం చెప్పదని నా అభిప్రాయం. నష్టం మోసినవాళ్లే మళ్లీ నిర్ణయం చేసే స్థానంలో ఉన్నప్పుడే అది పాఠమవుతుంది. ఇందుకు ఇంగ్లండులోని రాచ్‌డేల్ శ్రామికుల చరిత్ర మంచి ఉదాహరణ.

ఆ ఊళ్లో 1833లో శ్రామికులు ఒక సహకార దుకాణం పెట్టారు. రెండేళ్లకే అది మూతపడింది. అరువిచ్చిన బాకీలు దాన్ని ముంచాయి. 1844లో మళ్లీ దుకాణం తలపెట్టినవాళ్లు ఆ సంగతి మరిచిపోలేదు. వారం వారం కొద్ది పెన్నీలు కూడబెట్టి, 28 పౌన్ల మూలధనంతో, ఆ ఏడు డిసెంబరు 21న టోడ్ లేన్‌లో తలుపులు తీశారు. వెన్న, పంచదార, గోధుమపిండి, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు: సరుకంతా ఇంతే. నియమాలు మాత్రం గట్టివి. అరువు లేదు. వాటాలెన్ని ఉన్నా మనిషికి ఒకే ఓటు. మిగులును ఎవరు కొన్నదాన్ని బట్టి వారికి పంచాలి. మన పచారీ కొట్లలో ‘అరువు రేపు’ అన్న బోర్డు కొట్టువాడు కొనేవానికి చెప్పే మాట. అక్కడ కొనేవాళ్లే కూర్చుని తమకు తాము ఆ నియమం విధించుకున్నారు.

అయితే రొక్కం లేని నిరుపేద ఆ గడప ఎలా తొక్కుతాడు? ఈ ప్రశ్న న్యాయమైనదే. బాకీపడ్డ కూలీ, కొట్టువాడు కల్తీ పిండి తూచినా నోరెత్తలేడు. ఆ సంకెల తెంచడానికి రొక్కం నియమం అవసరమైంది. అదే నియమం అందరికన్నా పేదవాణ్ణి బయట నిలబెట్టింది కూడా. పాఠం నేర్చుకోవడమంటే ఒక్కొక్కప్పుడు ఒక నష్టం మాని మరొకటి ఎన్నుకోవడమే. ఆ రెండవది ఎవరిమీద పడుతుందో చూడకపోతే నేర్చింది సగమే.

కథ ఇక్కడితో ముగియలేదు. రాచ్‌డేల్ సహకారులు 1854లో ఒక బట్టల మిల్లు సంఘం స్థాపించారు. లాభంలో కొంత అందులో పనిచేసేవారికి పంచాలన్నది దాని ఆదర్శం. మిల్లు పెరిగింది, వాటాలు కొన్న కొత్తవాళ్లు చేరారు. 1862 నాటికి శ్రామికుని లాభం వాటా రద్దయిపోయింది. వాటాదారులూ తమ అనుభవం నుంచే నేర్చుకున్నారు: కూలీకిచ్చేది తమ రాబడికి కోత అని! దుకాణంలో నష్టపడేవాడికే ఓటుంది. మిల్లులో వాటా లేని కూలీకి ఓటు లేదు. అనుభవం ఒకటే అయినా ఏ స్థానంలో నిలబడి చూస్తామో దాన్ని బట్టి పాఠం మారుతుంది.

1864లో ఇంటర్నేషనల్ ప్రారంభోపన్యాసంలో మార్క్స్ సహకార కర్మాగారాలను గొప్ప సామాజిక ప్రయోగాలుగా మెచ్చుకుంటూనే, చిన్న పరిధిలో మిగిలిపోతే అవి శ్రామిక జనాన్ని విముక్తం చేయలేవని హెచ్చరించాడు. రాచ్‌డేల్ ఆ రెండు మాటలకూ సాక్ష్యమిస్తుంది.

నేడు మన విద్యార్థులకు, ‘వ్యాపారం పెట్టండి, ఓడితే నేర్చుకోండి’ అని బోధిస్తున్నారు. సాహసాన్ని నేను కాదనను. ఓటమి లెక్క చెప్పేటప్పుడు మాత్రం పోయిన పెట్టుబడి పక్కనే పోయిన జీతాలు కూడా రాయమని అడుగుదాం. రెండూ ఒకే పుటలో కనిపించినప్పుడు గాని ఎవరు నేర్చారో, ఎవరు చెల్లించారో తేలదు.