అమాస నాటి మగ్గం

మా నాయిన పోచంపల్లిలో నలభై ఏళ్లు గుంట మగ్గం నేశాడు. నేను మాదాపూర్‌లో ఇరవై రెండేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నాను. ఇద్దరిదీ కూర్చుని చేసే పనే. ఆయన కాళ్లు గుంటలో ఉండేవి, నావి బల్ల కింద ఉంటాయి. ఆయనకు ఉన్నది, నాకు లేనిది ఒకటుంది. అమాస.

అమావాస్య నాడు మా వాడలో మగ్గం చప్పుడు వినబడేది కాదు. మిగతా రోజుల్లో ఆ చప్పుడుకు ఎంత అలవాటు పడ్డామంటే, అది లేని పొద్దున మెలకువ తొందరగా వచ్చేది. నేసినదానికే కూలి, నేయని రోజుకు పైసా రాదు. సావుకారు చీరల కోసం కబురు మీద కబురు పంపినా నాయిన ఆ రోజు నాడె ముట్టుకునేవాడు కాదు. మగ్గం మనదే కదా, మన ఇష్టమొచ్చిన రోజు ఆపుకోవచ్చు కదా, అమాస నాడే ఎందుకని అడిగాను ఒకసారి. "మగ్గం మనదే గని బిడ్డా, నెలకొక్క దినం అది మనది గాదు" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు మా ఆఫీసులో ఎవరెవరు ఎన్నిసార్లు సీట్లోంచి లేస్తున్నారో చూస్తుంటే కొంచెం కొంచెంగా అర్థమవుతోంది.

మేమూ లేస్తాం. పదకొండింటికి ఒక టీ, నాలుగింటికి ఒక టీ. మా జట్టులో చిన్నవాళ్లు గడియారం పెట్టుకుని ఇరవై ఐదు నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం పాటిస్తారు. 1980ల చివర్లో ఫ్రాన్చెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారంతో మొదలుపెట్టిన పద్ధతి అది. ఇటలీ భాషలో టమాటాను పొమొదోరో అంటారు, అదే దాని పేరైంది. నేనూ ఏడాది పాటించాను. నడుం నొప్పి తగ్గింది, కళ్ల మంట తగ్గింది. ఆ మేలును నేను కాదనను. కానీ ఎందుకు లేస్తున్నావని ఎవరైనా అడిగితే నా దగ్గరున్న జవాబు ఒక్కటే. తిరిగొచ్చి ఇంకా బాగా పనిచేయడానికి. కోతల్లో మధ్యమధ్య కొడవలి నూరుకుంటాం. నూరడం కోతలో భాగమే. ఆ కాసేపూ కొడవలి విశ్రాంతి తీసుకుందని ఎవరూ అనరు. ఐదు నిమిషాలు కీబోర్డు ముట్టకపోతే చాట్‌లో నా పేరు పక్కనున్న పచ్చచుక్క పసుపురంగుకు మారుతుంది. అది గుర్తుండి, టీ కొట్టు దగ్గర కూడా ఫోను అరచేతిలోనే పట్టుకుని నిలబడతాను.

విశ్రాంతి పని కోసమేనా, దానంతటది నిలబడగలదా? ఈ ప్రశ్న యూదుల ధర్మంలో ఉన్నంత సూటిగా నేను మరెక్కడా చూడలేదు. ఏడో రోజు నువ్వే కాదు, నీ దాసదాసీలు, నీ పశువులు, నీ ఇంట ఉన్న పరదేశి కూడా పని చేయకూడదని ఆజ్ఞ. నిర్గమకాండంలో దానికి చెప్పిన కారణం, సృష్టి ముగించి దేవుడు విశ్రమించాడని. ద్వితీయోపదేశకాండంలో అదే ఆజ్ఞకు కారణం మారుతుంది. మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు, అది మరిచిపోకండి అని. నాకు ఈ రెండో కారణమే ఎక్కువ ఆనింది. ఎద్దుకు సెలవిచ్చేది మరునాడు ఎక్కువ దున్నుతుందని కాదన్నమాట. నాయిన ఆ గ్రంథం చదవలేదు. కానీ సావుకారు కబురుకు కదలని ఆ ఒక్క రోజు ఆయన ఎవరి కూలీ కాదు.

ఇంకో సంగతి. మూడేళ్ల కిందట చెల్లింపుల లెక్కలు రోజూ కొంత తేడా వస్తుంటే నాలుగు గంటలు తెర ముందునుంచి లేవలేదు. చివరికి టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి లేచాను. కుళాయి కింద చేయి పెట్టానో లేదో తట్టింది. యంత్రం తేదీని గ్రీనిచ్ లెక్కన మారుస్తోంది. మనకు అర్ధరాత్రి నుంచి పొద్దున ఐదున్నర దాకా జరిగిన చెల్లింపులన్నీ ముందురోజు ఖాతాలో పడుతున్నాయి. తిథి ఒక తేదీలో మొదలై ఇంకో తేదీలో ముగుస్తుంది కదా, అమాస ఏనాడు పట్టాలని నాయిన అయ్యగారిని అడగడం నాకు తెలుసు. రోజు ఎక్కడ మొదలవుతుందన్నది నేను పుట్టినప్పటినుంచీ విన్న ప్రశ్నే. అయినా కూర్చున్న నాలుగు గంటలూ తోచలేదు.

మరి ఆ తప్పును కనిపెట్టింది ఎవరు? నేనే అని మీటింగులో చెప్పాను. గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతాడు. ఆధారం, కర్త, పనిముట్లు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. ఇది తెలియక తానొక్కడే కర్తననుకునేవాడికి ఉన్నది కనబడదంటాడు. నాయిన నెలకోసారి మగ్గం వదిలి ఆ మిగతావాటికి చోటిచ్చాడని నా నమ్మకం. నేను చేతిలో ఫోనుతో వాటికి చోటివ్వడం లేదు.

ఇక్కడిదాకా రాసి ఆగాను. అమ్మ గుర్తొచ్చింది.

చీర నేసే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోయడం ఆడవాళ్ల పని. ఒక్కో చీరకు చేయి అటూ ఇటూ వేలసార్లు ఆడాలి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేకనే ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మా ఇంటికి వచ్చేనాటికే అమ్మ కుడి భుజం పైకి లేవడం మానేసింది. అమాస నాడు ఆమె ఆసు పోసేది కాదు, నిజమే. మగ్గం గది అలికి, అందరి తలస్నానాలకు నీళ్లు కాచి, మూడు పూటలా పొయ్యి దగ్గరే ఉండేది. నాయిన పవిత్రమనుకున్న ఆ రోజు ఆమె చేతుల మీద నిలబడింది. దాసదాసీలను, ఎద్దును కూడా లెక్కపెట్టిన ఆజ్ఞ మా ఇంట్లో ఆమెను లెక్కపెట్టలేదు. నాయిన మీద నాకున్న గౌరవం తగ్గలేదు గానీ, ఈ మాట చెప్పకుండా ఆయన అమాసను పొగడలేను.

పోయిన అమాసకు సెలవు పెట్టి పోచంపల్లి వెళ్లాను. నాయిన పోయాక మగ్గం గుంట మీద చెక్కలు పరిచి ఉన్నాయి. ఫోను ఆపి బ్యాగులో పెట్టి, అమ్మ లేవకముందే పొయ్యి వెలిగించాను. ఆమె వచ్చి చెక్కల మీద కూర్చుంది. రెండుసార్లు లేవబోయింది, రెండుసార్లూ వద్దన్నాను. ఒళ్లో పెట్టుకున్న ఎడమ చేయి ఊరికే కదులుతోంది.

"అమాస ఎప్పటిదాంక ఉన్నది?" అని అడిగింది.

గోడ మీది క్యాలెండరు చూసి, మధ్యాహ్నం రెండింటి దాకా అని చెప్పాను.

"అయితే అప్పటిదాంక కూసుంట" అన్నది.