స్ప్రింగ్ నుంచి క్వార్కస్‌కి వెళ్తున్న మేనకోడలికి

అమ్మాయ్,

మీ టీమ్‌ని స్ప్రింగ్ బూట్ వదిలి క్వార్కస్‌కి మారమన్నారని అక్క చెప్పింది. ఇన్నేళ్ల అనుభవం బూడిదలో పోసిన పన్నీరయిందని నువ్వు దిగులు పడుతున్నావట. ఆ మాట నా దగ్గర చెల్లదు. మా తరం అమీర్‌పేట కోచింగుల్లో స్ట్రట్స్ బట్టీపట్టి ఉద్యోగాల్లో చేరింది. 2013లో స్ట్రట్స్ 1కి ఇక మద్దతు లేదని అపాచీ వాళ్లు చెప్పేసరికే చాలామందిమి స్ప్రింగ్‌లో పడ్డాం. యాక్షన్ క్లాసులూ, ఆ ఎక్స్ఎమ్ఎల్ ఫైళ్లూ అక్కడే వదిలేశాం. రిక్వెస్ట్ ఎలా వస్తుందో, సెషన్ ఎందుకు బరువెక్కుతుందో, ఏ క్వెరీ దగ్గర పేజీ ఆగిపోతుందో తెలిసిన తెలివి మాత్రం మాతోనే వచ్చింది.

నీ పని ఇంకా తేలిక. హైబర్నేట్ రెండుచోట్లా అదే. వంద ఆర్డర్లకి వంద క్వెరీలు కొట్టే ఎన్ ప్లస్ వన్ తలనొప్పిని లాగ్ చూసి పట్టేస్తావుగా, అక్కడా అలాగే పట్టేస్తావు. ఆటోవైర్డ్ బదులు ఇంజెక్ట్ రాయడం వారంలో అలవాటైపోతుంది. అయినా ఆ ఇంజెక్ట్ ఎవరిదనుకున్నావు? 2009లో దాన్ని జావా ప్రమాణంగా ముందుకు తెచ్చిన ఇద్దరిలో ఒకాయన స్ప్రింగ్‌కి మూలపురుషుడైన రాడ్ జాన్సనే. రెండో ఆయన గూగుల్ జూస్ రాసిన బాబ్ లీ. కాబట్టి నువ్వు వెళ్లేది చుట్టాలింటికే.

కాకపోతే చుట్టాలింట్లోనే ఒక చిక్కుంది. కొత్త వంటింట్లో ఉప్పు ఎక్కడుందో తెలియకపోతే అడుగుతాం. మనింట్లో పంచదార పోసుకునే డబ్బాలాంటిదాంట్లోనే వాళ్లు ఉప్పు పోసుకుంటే ఎవర్నీ అడగం, పాయసం పాడుచేస్తాం. నువ్వు కళ్లు తెరుచుకుని ఉండాల్సింది అలాంటి డబ్బాల దగ్గర.

రెండు చూపిస్తాను. స్ప్రింగ్‌లో బయటి సర్వీసుని పిలిచే హెచ్‌టీటీపీ క్లయింట్‌ని ఒక బీన్ మెథడ్‌లో తయారుచేస్తావు. ఆ మెథడ్ ఒక్కసారే నడుస్తుంది, అందరూ ఆ ఒక్క క్లయింట్‌నే పంచుకుంటారు. క్వార్కస్‌లో బీన్ తీసేసి ప్రొడ్యూసెస్ అని పెడతావు. కంపైల్ అవుతుంది, టెస్టులు పాసవుతాయి. కానీ స్కోప్ రాయకపోతే అక్కడ అది డిపెండెంట్ కిందకి వస్తుంది. అంటే ఇంజెక్ట్ చేసిన ప్రతిచోటా కొత్త క్లయింట్, దానికో కొత్త కనెక్షన్ పూల్. లోడ్ పెరిగిన రోజు గానీ బయటపడదు. మెథడ్ మీద అప్లికేషన్ స్కోప్డ్ అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది.

రెండోది ఇంకా గడుసుది. స్ప్రింగ్‌లో ఒక క్లాసులోని మెథడ్ అదే క్లాసులోని ఇంకో మెథడ్‌ని నేరుగా పిలిస్తే ఆ పిలుపు ప్రాక్సీ గుండా వెళ్లదు, కాబట్టి లోపలి మెథడ్ మీద ఉన్న ట్రాన్సాక్షనల్ పనిచేయదు. ఎవరో ఎప్పుడో దాని మీద 'రిక్వైర్స్ న్యూ' అని రాసి వెళ్లిపోయారనుకో, ఏళ్ల తరబడి అది ఉన్నా లేనట్టే. క్వార్కస్‌లో సొంత క్లాసులోంచి పిలిచినా ఇంటర్‌సెప్టర్ పట్టుకుంటుంది. నిద్రపోతున్న అనోటేషన్ లేచి కూర్చుంటుంది! బయటి పని రోల్‌బ్యాక్ అయినా లోపల రాసిన రికార్డు విడిగా కమిట్ అయిపోతుంది. కోడ్ ముట్టుకోలేదు కదా, డేటా ఎలా మారిందని తలలు పట్టుకుంటారు. మార్చేముందు ఇలాంటివన్నీ వెతికి, ఆ రాసినవాళ్లు నిజంగా ఏం కోరుకున్నారో తేల్చుకో.

ఇంకోటి. స్ప్రింగ్ యాప్ లేచేటప్పుడు చేసే పనిలో చాలాభాగం క్వార్కస్ బిల్డ్ సమయంలోనే కానిచ్చేస్తుంది. 2019లో రెడ్ హ్యాట్ దాన్ని బయటికి తెచ్చిందే కంటైనర్లలో చప్పున లేచే యాప్‌ల కోసం. అందుకే డేటాబేస్ ఏ రకమో చెప్పే సెట్టింగ్‌లాంటివి బిల్డ్‌లోనే ఖాయమైపోతాయి. ఒకే జార్ పట్టుకుని, ప్రాపర్టీస్ ఫైల్ మార్చి, ఇక్కడ హెచ్‌టూ అక్కడ పోస్ట్‌గ్రెస్ అంటే కుదరదు.

స్ప్రింగ్ అనోటేషన్లని అలాగే ఉంచి నడిపే ఎక్స్‌టెన్షన్లు క్వార్కస్‌లో ఉన్నాయి. నడక నేర్చుకునే దాకా వాడు, తప్పులేదు. అయితే వాటి వెనక స్ప్రింగ్ లేదని గుర్తుపెట్టుకో. అప్లికేషన్ కాంటెక్స్ట్‌నీ బీన్ పోస్ట్ ప్రాసెసర్‌నీ నమ్ముకున్న కోడ్ అక్కడ పనిచేయదు. మీ మేనేజర్ మొదటి వారమే నేటివ్ ఇమేజ్ కావాలంటాడు. మామూలు జేవీఎం మీద అంతా సాఫీగా నడిచాక చూద్దామని చెప్పు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే తప్పు ఎందులో ఉందో తేలదు.

లాగిన్‌తో మాత్రం మొదలుపెట్టకు. స్ప్రింగ్ సెక్యూరిటీ ఫిల్టర్లు అక్కడికి యథాతథంగా రావు, దాన్ని ఆఖరికి ఉంచు. డేటా చదివి చూపించే చిన్న ఎండ్‌పాయింట్ ఒకటి ఎంచుకో. దానికి రెస్ట్ అష్యూర్డ్‌తో బయటినుంచి హెచ్‌టీటీపీలో తట్టే టెస్టులు ముందు పాత యాప్ మీదే రాసిపెట్టు. తర్వాత అవే టెస్టులు కొత్తదాని మీద నడుపు. స్ప్రింగ్ క్లాసులని ముట్టుకోని టెస్టులు కాబట్టి అక్కడా పనికొస్తాయి.

ఎక్కడైనా ఇరుక్కుంటే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా ఫర్వాలేదు. స్టాక్ ట్రేస్ మాత్రం పూర్తిగా పంపు తల్లీ, పై రెండు లైన్ల స్క్రీన్‌షాట్ పంపితే నేను చూడను.

మీ మావయ్య