కనబడని నొప్పి

షూనేమీయురాలి కుమారుని సంగతి మన సంఘములలో తెలియనివారుండరు. రాజుల రెండవ గ్రంథము 4వ అధ్యాయములో ఎలీషా వానిని బ్రదికించిన భాగమును తరచుగా ప్రసంగింతుము గాని, అంతకుముందు జరిగినదానిని త్వరగా దాటిపోవుదుము. కోతకాలమున బాలుడు పొలములోనున్న తండ్రియొద్దకు వెళ్లి తల నొప్పియని మొరపెట్టెను. గాయము లేదు, నెత్తురు లేదు, చూచుటకేమియు లేదు. అయినను ఆ తండ్రి దానిని సాకనుకొనలేదు. వెంటనే పనివానిచేత వానిని తల్లియొద్దకు పంపెను. (అది వడదెబ్బయని కొందరందురు, ఆ జబ్బునుగూర్చి నేను వ్రాయుటలేదు.) కనబడని నొప్పిని ఆయన నమ్మెను.

నేను నమ్మలేదు. నా పూర్వపు సంఘములో ఒక సహోదరి, మద్దెలయు తాళములును మైకులో మ్రోగుచుండగా, కొంగు తలకు బిగించుకొని ఆరాధన మధ్యనే లేచిపోవుచుండెడిది. ఇది పలుమార్లు జరుగగా, దేవుని సన్నిధిలో గంటసేపు నిలువలేని వారినిగూర్చి ఒక ఆదివారమున కఠినముగా మాటలాడితిని. ఎవరినిగూర్చియో అందరికి తెలిసెను. ఆమె మారు పలుకలేదు. తరువాత ఒకనాడు ఆమె యింటికి వెళ్లితిని. మిట్టమధ్యాహ్నము తలుపులు మూసి, కిటికీకి గోనెపట్టా కట్టి, ప్రక్కన వాంతికి సత్తుగిన్నె పెట్టుకొని పండుకొనియుండెను. "తాలింపు వాసనక్కూడా తట్టుకోలేదండి అయ్యగారూ" అని అత్తగారు చెప్పెను. ప్రార్థనకు నోరు తెరచితిని. నా గొంతే ఆమెకు దెబ్బగా తగులుచుండుట చూచి మౌనముగా కూర్చుంటిని.

మనము పార్శ్వపు నొప్పి యనుదానిని వైద్యులు మైగ్రేన్ అందురు. ఇది మెదడునకును నరములకును సంబంధించిన జబ్బు. వైద్యము లేనియెడల ఒక్కొక్క పర్యాయము 4 గంటలు మొదలు 72 గంటలవరకు నిలుచును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు హెచ్చు. బెంగుళూరులోను చుట్టునున్న గ్రామములలోను ఇంటింటికి వెళ్లి 2,329 మందిని విచారించి, 2015లో ప్రకటించిన లెక్కనుబట్టి, పెద్దవారిలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి ఆ యేడాదిలో ఇది వచ్చెను. మన మందిరములో చాపలమీద కూర్చుండువారిని ఒకసారి లెక్కించి చూడుడి.

సాకులు చెప్పువారును ఉందురు కదా అని మీరడుగవచ్చును. ఉందురు. అట్టివానిచేత మోసపోయిన, నాకు పోవునది ఒక పూట పని. నిజముగా బాధపడువానిని నమ్మనియెడల వానిని అబద్ధికుడని అనుచున్నాను. తన నొప్పికి వానికి తన మాట తప్ప వేరు సాక్ష్యము లేదు. విశ్వాసము చాలనందున వచ్చెననువారు యోబు స్నేహితులను తలంచుకొనవలెను. ఏడు దినములు ఊరకుండినంతవరకు వారు మంచివారే.

పరిశోధనయు ఈ నమ్మికతోనే మొదలాయెను. నొప్పి వచ్చినప్పుడు రోగుల మెడ సిరలోని రక్తములో సి.జి.ఆర్.పి. అను పదార్థము హెచ్చునని గోడ్స్‌బీ, ఎడ్విన్సన్ అను వైద్యులు 1990లో ప్రకటించిరి. దానివలననే నొప్పి కలుగునా అని తెలిసికొనుటకు, డెన్మార్కు దేశములో కొందరు రోగులు ఆ పదార్థమును తమ రక్తనాళములోనికి ఎక్కించుటకు సమ్మతించిరి. ఆ ఫలితము 2002లో వెలువడెను. అనేకులకు నొప్పి వచ్చెను. రావచ్చునని యెరిగియే వారు చేయి చాపిరి! దానిని అడ్డగించు మందులు 2018 నుండి వాడుకలోనికి వచ్చినవి. వాటి వెల మన పల్లెలకు ఇంకను అందనిదే.

మన యింటికి వైద్యులు ఇట్టి విచారణకు వచ్చినయెడల, ఏమి చేయుదురో అడిగి తెలిసికొని, ఇష్టమైన యెడల నిజము చెప్పుడి. కోతపండుగ కానుకలో కొంత దీనికై ప్రత్యేకింపవచ్చును. నొప్పి వచ్చిన దినములను క్యాలెండరుమీద గుర్తు పెట్టుడి. అంగడి మాత్రలు నెలకు పది దినములకు మించి మ్రింగుచున్న వారికి ఆ మాత్రలే తలనొప్పిని పెంచవచ్చును. ఎన్నడును లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినను, జ్వరముగాని చేయి కాలు పడిపోవుటగాని తోడైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపొండి. చురకలు పెట్టింపకుడి.

ఆ సహోదరిని, ఏ చోటనుండి నిందించితినో ఆ చోటనుండియే క్షమాపణ అడిగితిని. తలుపు ప్రక్కన ఆమెకు చాప వేయించి, మైకు తగ్గింపుమంటిని. యౌవనస్థులు కొంత సణిగిరి.