కెమెరాకు భయపడితే చాలునా?



జాతీయ రహదారిపై ప్రయాణించే వారందరికీ తెలిసిన దృశ్యమే ఇది. ముందు వేగాన్ని కొలిచే కెమెరా ఉన్నదని బోర్డు కనబడగానే కార్లు, బస్సులు బుద్ధిగా నెమ్మదిస్తాయి. కెమెరా దాటిన మరుక్షణమే మళ్ళీ పరుగు అందుకుంటాయి. జరిమానాకు వెరచి ఆ కాస్త దూరం నెమ్మదిగా పోయినవాడు మంచివాడేనా? లేక దొరకని వాడు మాత్రమేనా?

ఈ ప్రశ్న కెమెరాలకంటే చాలా పాతది. ప్లేటో తన ‘రిపబ్లిక్’ గ్రంథంలో ఒక గొర్రెల కాపరి కథ చెబుతాడు. అతనికి ఒక ఉంగరం దొరికింది. దాన్ని తిప్పితే అతడు ఎవరి కంటికీ కనబడడు. తననెవరూ చూడరని తెలియగానే అతడు రాజును చంపి రాజ్యాన్ని కాజేశాడు. ఎవరూ చూడనప్పుడు కూడా మనిషి న్యాయంగా నడుస్తాడా అన్నది ఆ కథలోని ప్రశ్న.

ఈ ప్రశ్న ఇప్పుడు మన ఊరికీ వచ్చింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టాన్ని అనుసరించి, 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఎలక్ట్రానిక్ నిఘాకు నియమాలు ప్రకటించింది. ఇటువంటి పరికరాలు అమర్చవలసిన 132 నగరాల జాబితాలో మన అనంతపురం కూడా ఉన్నది. కెమెరా ఉన్నచోట హెచ్చరిక బోర్డు పెట్టాలనీ, తప్పు జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపాలనీ 2021 నాటి ఆ నియమాలు చెప్పాయి.

ఈ యంత్రానికి ఒక విచిత్రమైన చరిత్ర ఉన్నది. దీని తొలి రూపాన్ని 1950 దశకంలో తయారుచేసిన మారిస్ గాట్సోనిడెస్ హాలెండు దేశపు కారు పందెగాడు. 1953లో మాంటీ కార్లో పందెం గెలిచినవాడు. మలుపుల్లో తన కారు వేగం కొలుచుకొని ఇంకా వేగంగా నడపాలని ఆయన తలచాడు. పరుగు పెంచడానికి పుట్టిన సాధనం పరుగుకు కళ్ళెమైంది.

ఆ కళ్ళెం మనకు అవసరమా? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలుపుతున్నది. ఆ మరణాలలో నూటికి 71 అతివేగం కారణంగా జరిగినవే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటిపోతుంది. వేగం రెండింతలైతే దెబ్బ తాకిడి నాలుగింతలవుతుంది. అందుకే మనుషులు, వాహనాలు కలిసి తిరిగే వీధుల్లో వేగం 30 కిలోమీటర్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇస్తున్నది.

ఈ దెబ్బ తగిలేది ఎవరికి? కారులో కూర్చున్నవారికి ఇనుప కవచం ఉన్నది. సైకిలు మీద పాలు తెచ్చే వానికి, గొర్రెలను రోడ్డు దాటించే కాపరికి, ఆటోలో కిక్కిరిసి పనికి పోయే కూలీలకు ఏ కవచమూ లేదు. 2024 నవంబరులో గార్లదిన్నె మండలం తలగాసిపల్లె దగ్గర బస్సు, ఆటో ఢీకొన్నప్పుడు ప్రాణాలు పోయింది కూలిపని ముగించుకొని ఇళ్ళకు మరలుతున్నవారికే. అక్కడ తప్పెవరిదో తేల్చేది చట్టం. రోడ్డు మీద బలహీనుడే ముందుగా బలి అవుతాడన్న సంగతి మాత్రం తేల్చనక్కరలేదు.

కనుక భయం పెట్టడం తప్పు కాదు. కొందరు మంచి మాటకు లొంగరు, అటువంటి వారిని శిక్షాభయంతోనైనా ఆపాలి అంటారు పునీత తోమాసు అక్వినాసుగారు. భయంతో మొదలైన పనిని అలవాటుపడి, చివరికి ఇష్టపూర్వకంగా చేస్తారని ఆయన ఆశ. పునీత అగస్తీనుగారు దీనినే చక్కని పోలికతో చెప్పారు. భయం సూది వంటిది, ప్రేమ దారం వంటిది. సూది ముందు దూరితేనే దారం వస్తుంది. కాని సూది బట్టలోనే ఉండిపోతే కుట్టు పడదు. మన పెద్దలు ‘భయభక్తులు’ అని రెండు మాటలను జంటగా పలకడంలోని అంతరార్థం కూడా ఇదే. కెమెరా సూది పని చేయగలదు. దారం మన హృదయంలో నుంచి రావాలి.

అయితే భయపెట్టే అధికారం గలవారు న్యాయంగా ఉండాలి. కెమెరా కులం అడగదు, పార్టీ అడగదు, లంచం పుచ్చుకోదు. ఇది మెచ్చుకోదగిన గుణం. కాని అతివేగానికి వేసే వెయ్యి రూపాయల జరిమానా ఒకరికి హోటలు భోజనం ఖర్చు. వేరుశనగ చేలో పనిచేసే కూలికి అది మూడు నాలుగు దినాల కష్టం. ఫిన్లాండు దేశంలో తీవ్రమైన అతివేగానికి మనిషి ఆదాయాన్ని బట్టి జరిమానా వేస్తారు. పాము కరిచిన బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోయే తండ్రి తొందర కూడా యంత్రానికి తెలియదు. అటువంటి వాని మొర వినడానికి యంత్రం వెనుక ఒక మనిషి ఉండాలి. కెమెరాలు ప్రమాదాలు జరిగేచోట నిలబడాలి గాని, డబ్బు రాలేచోట కాదు.

క్షమకు కూడా ఒక ధర్మం ఉన్నది. తెలంగాణాలో 2022లోను, తిరిగి 2023 డిసెంబరులోను పేరుకుపోయిన చలానాలపై భారీ రాయితీ ఇచ్చారు. రెండవసారి ద్విచక్ర వాహనాలకు నూటికి 80 తగ్గించారు. పేదవానికి అది ఊరటే. కాని ‘మళ్ళీ రాయితీ వస్తుందిలే’ అని చలానాలు పోగుచేసుకునేవాడు, మారాలన్న నిశ్చయం లేకుండా పాపసంకీర్తనానికి వచ్చేవాని వంటివాడు.

మన విశ్వాసం ఈ విషయంలో మౌనంగా లేదు. మితిమీరిన వేగంతోనో, తాగిన మత్తులోనో ఇతరుల ప్రాణాలకు అపాయం తెచ్చేవారు ఘోరమైన దోషం కట్టుకుంటారని 1992 నాటి శ్రీసభ సత్యోపదేశ గ్రంథం అయిదవ ఆజ్ఞ వివరణలో బోధిస్తున్నది. 2007లో వాటికను ప్రచురించిన రహదారి మార్గదర్శకాలు వాహనాలు నడిపేవారికి పది ఆజ్ఞలు ఇచ్చాయి. మొదటిది నరహత్య చేయకూడదన్నదే. రోడ్డుపై బలహీనులను కాపాడాలన్నది వాటిలో మరొకటి.

కొత్త బండి కొనగానే గుడి ముందుకు తెచ్చి గురువులచేత ఆశీర్వాదం పొందుతాము. ముందు దేవమాత పటం అంటించుకుంటాము. ఇది మంచి ఆచారమే. కాని తీర్థం చల్లిన బండిని ఒళ్ళు మరచి తోలితే ఆ ఆశీర్వాదాన్ని మనమే కాలదన్నినట్లు.

తల్లిదండ్రులారా, మీ కుమారునికి బండి తాళాలు ఇచ్చేనాడు ‘పోలీసులున్నారు, జాగ్రత్త’ అని మాత్రమే చెప్పకండి. ‘మనుషులున్నారు, జాగ్రత్త’ అని చెప్పండి. పాపసంకీర్తనానికి ముందు ఆత్మశోధన చేసుకునేటప్పుడు, ఈ వారం నేను బండి ఎలా నడిపాను అని కూడా ప్రశ్నించుకోండి. నవంబరు మూడవ ఆదివారం రోడ్డు ప్రమాద మృతుల ప్రపంచ స్మారక దినం. ఆనాటి దివ్యబలిపూజలో వారిని, వారిని పోగొట్టుకున్న కుటుంబాలను తలచుకుందాం.

తమ్ముని గురించి నన్నడుగుతావేమని కయీను దేవునికే ఎదురు ప్రశ్న వేశాడు. కెమెరా లేని మలుపులో, చీకటి పడిన పల్లెబాటలో, ఎదురుగా నడిచివచ్చే మనిషిని చూసి బండి నెమ్మదించినప్పుడు మనం ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవారమవుతాము. ఆ జవాబు చెప్పే మనసు ప్రభువు మనందరికీ అనుగ్రహించుగాక!